లస్కరు మామ, ఆరడుగుల కర్ర, బకింగ్‌హాం కాలవ

మొదటి రోజు: తిరుపతి నుంచి సూళ్లూరుపేట

తిరుపతి బస్టాండులో మామను చూసి తల పట్టుకున్నాను. చంకకు గుడ్డసంచీ, చేతిలో ఆరడుగుల వెదురు కర్ర. దానికి అడుగుకొకటి చొప్పున ఎర్ర రంగు పట్టీలు, మధ్యలో అంగుళాలకు నల్ల గీతలు.

"ఏంది మామా ఇది?"

"గేజిరా. గేజి లేకుండా కాలవకాడికి పొయ్యేదెట్లా?"

మామంటే మా అమ్మకు అన్న. తెలుగుగంగ ప్రాజెక్టులో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. షట్టరు ఎత్తడం, దించడం, గేజి చూసి నీళ్ల లోతు పుస్తకంలో రాయడం, గట్టుకు గండి పడకుండా కాపలా కాయడం ఆయన ఉద్యోగం. కండలేరు జలాశయం నుంచి పూండి జలాశయానికి పోయే కాలవ మన రాష్ట్రంలో 152 కిలోమీటర్లు, తమిళనాడులో ఇంకో 25. అందులో శ్రీకాళహస్తి దాపుల ఒక ముక్క ఆయనది. 1983 ఒప్పందం ప్రకారం మద్రాసుకు ఏడాదికి 12 టీఎంసీలు ఇవ్వాలి. 1996లో మొదటిసారి నీళ్లు సరిహద్దు దాటిన సంగతి ఆయన కూతురి పెళ్లి కంటే ఎక్కువసార్లు చెప్తాడు.

ఈ ప్రయాణానికి కారణం మాత్రం ఆయన కాలవ కాదు, మా తాత కాలవ. అంటే బకింగ్‌హాం కాలవ. తాత కట్టెల పడవల మీద కూలీ. మామకు ఏడేళ్లప్పుడు, 1961 ప్రాంతంలో, ఒకసారి పడవెక్కించుకుని పట్నం తీసుకుపోయాడు. మా వైపు పట్నమంటే మద్రాసే. ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠోపాఠం. పొద్దుగూకే ముందర పడవెక్కడం, తడికట్టెల వాసన, రాత్రి పూట పట్నం లైట్‌హౌసు వెలుగు ఆకాశంలో గిర్రున తిరగడం, తెల్లారి హోటల్లో పట్నం ఇడ్లీ తినడం. తనను తీసుకుపోలేదని మా అమ్మ ఆ రోజు మంచం కింద దూరి ఏడ్చిందట. అరవై ఏళ్లు దాటినా మా అమ్మ ఆ ఇడ్లీని క్షమించలేదు.

బస్సులో కండక్టరు కర్రకు టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, "అడ్డం పెట్టొద్దు పెద్దాయనా" అని వదిలేశాడు. శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖిలో ఇసుక, ఇసుకలో అక్కడక్కడా నీటి చారలు. మామ కిటికీలోంచి చూసి "సున్నా" అన్నాడు. ఆ నాలుగు రోజుల లెక్కల్లో అదే మొదటి ఎంట్రీ. నోటుపుస్తకంలో నేనే రాయాలి.

నాయుడుపేట దాటి హైవే ఎక్కాక దారి పొడుగునా లారీలే. ఈ సరుకంతా ఒకప్పుడు నీళ్ల మీద పోయేది. బకింగ్‌హాం కాలవ ఉత్తరాన పెదగంజాంలో మొదలై దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. పైన కొమ్మమూరు, ఏలూరు కాలవలతో కలిపితే కాకినాడ నుంచి పుదుచ్చేరి పొరుగు దాకా పడవలోనే పోగలిగేవాళ్లు. సముద్రానికి సమాంతరంగా, తీరానికి కాస్త లోపలగా, ఉన్న ఉప్పు కయ్యలనూ వాగులనూ ఒకదానితో ఒకటి కలుపుతూ తవ్వుకుంటూ పోయారు. ఇది సాగుకు నీళ్లిచ్చే కాలవ కాదు. చాలాచోట్ల ఉప్పునీళ్లే, ఆటుపోట్లతో పెరిగి తగ్గేవి. అందుకే మామకు దీని మీద మొదట్నుంచీ చిన్నచూపు. "పైరుకు పనికిరాని నీళ్లు కాలవలో పారితేనేం, పారకుంటేనేం" అంటాడు. మళ్లీ తనే "మా నాయన కాలవ" అని గర్వంగా చెప్పుకుంటాడు. రెండూ ఒకే నోటితో.

సూళ్లూరుపేటలో దిగి లాడ్జిలో సామాను పడేశాం. గదిలో ఫ్యాను తిరిగితే లైటు ఆరిపోయేది, లైటు వెలిగితే ఫ్యాను ఆగేది. దోమలకు ఎదురు నిలబడి ఫ్యానే కోరుకున్నాం. సాయంత్రం కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి వెళ్లాం. తలుపులు వేయని గుడి. రాకెట్టు పైకి పంపే ముందు శ్రీహరికోట పెద్దలు కూడా ఇక్కడికొచ్చి దండం పెట్టుకుని పోతారు. మామ అమ్మవారికి దండం పెట్టి, కర్రను కూడా ఒకసారి గడపకు ఆనించి తీసుకున్నాడు.

పొద్దు వాలే వేళకు ఆటో మాట్లాడుకుని శ్రీహరికోట రోడ్డెక్కాం. ఈ రోడ్డు పులికాట్ సరస్సును కోసుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్లే, కానీ రెండూ ఒకే నీళ్లలా కనిపించవు. ఒక పక్క కాస్త నిండుగా, ఇంకో పక్క బురద తేలి. రాకెట్టు కేంద్రం కోసం వేసిన కట్ట ఇది. 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న రోహిణి పరిశోధక రాకెట్టుతో అక్కడ పని మొదలైంది. సరస్సులో నీళ్లు అటూ ఇటూ కలవడానికి ఈ కట్ట అడ్డమని చేపలోళ్ల ఫిర్యాదు. మామకైతే వాళ్ల మాటలో అనుమానమే లేదు: "తూములు సాలవు. చూస్తేనే తెలస్తాంది."

అటకానితిప్ప దగ్గర ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. మామ వాటిని చూడలేదు. కట్ట దిగి కర్ర నీళ్లలో ముంచాడు. మొదటి పట్టీకి నాలుగు వేళ్లు కింద తడిసింది. అంతలో గస్తీలో ఉన్నతను వచ్చి ఆ కర్ర ఏమిటని అడిగాడు. రాకెట్ల ఊరి దారిలో ఎర్ర గీతల కర్ర పట్టుకుని నీళ్లు కొలిచే ముసలాయనను ఎవరైనా అడుగుతారు. "తెలుగుగంగ లస్కరు, రిటైర్డు" అని మామ నిటారుగా నిలబడి చెప్పాడు. అతనికి ఏం అర్థమైందో గానీ నవ్వి, పొద్దుగూకకముందే వెనక్కి వెళ్లమన్నాడు.

రెండో రోజు: భీములవారిపాలెం, సరస్సు మీద

పొద్దున్నే ఎర్రకారం దోశ తిని తడ మీదుగా భీములవారిపాలెం రేవుకు చేరాం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా కట్టినప్పుడు తడ, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి ఇటు వచ్చాయి. కొండ మీది దేవుడి జిల్లాకు అట్లా సముద్రం అబ్బింది. తిరుపతిలో సగం మందికి ఈ సంగతి ఇంకా తెలియదు.

పడవాయన ముప్పై అయిదేళ్లవాడు. ఇరకం దీవి దాకా పోయి రావడానికి బేరం కుదిరింది. మోటారు ఉంది గానీ సగం దూరం దాన్ని వాడనే లేదు, గెడతోనే నెట్టాడు. ఎందుకని అడిగితే "లోతు లేదు సార్, ఫ్యాను బురద తగులతాది" అన్నాడు. మామ ఎగిరి గంతేసినంత పని చేశాడు. లోతు గురించి మాట్లాడే మనిషి దొరికాడు.

ఇద్దరూ పోటీ పడ్డారు. పడవాయన గెడ వేసి "నాలుగడుగులు" అనేవాడు. మామ కర్ర ముంచి "మూడున్నర" అని సరిదిద్దేవాడు. కాసేపటికి పడవాయన విసుక్కుని, "మీ కర్ర బురద పైన ఆగతాంది సామీ, నా గెడ బురద లోపలికి పోతాది. నాకు గట్టి నేల లెక్క" అన్నాడు. మామ నోరు మూతపడింది. ఇరవై ఏళ్లు గేజి చూసినాయనకు ఈ తేడా కొత్త. కాంక్రీటు లైనింగ్ వేసిన కాలవలో బురదకు లెక్కే ఉండదు కదా.

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. అయినా చాలాచోట్ల మనిషి మొలలోతు మించదు. పాతకాలంలో దీన్ని ప్రళయకావేరి అనేవాళ్లు. నీళ్లు చూస్తే ప్రళయం లేదు, కావేరి లేదు, తళతళమనే పల్చటి ఉప్పు పొర. ఉత్తరాన రాయదొరువు, కొండూరుపాలెం దగ్గరి ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతూ ఉంటాయి. సముద్రం లోపలికి రాకపోతే రొయ్య రాదు, పీత రాదు. మన వైపు ముఖద్వారం తవ్వండి అని ఊళ్లు అడుగుతూనే ఉన్నాయి.

కాలవ ఈ సరస్సు గుండానే పోయేది. గట్లున్నచోట మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు, ఇక్కడికొచ్చేసరికి లాగడానికి నేలే లేదు. తెరచాప ఎత్తి గాలి కోసం ఎదురు చూడాలి, గాలి లేకపోతే గెడలే గతి. పడవ వేగమంటే మనిషి నడక వేగమే, సరస్సులో అది కూడా గాలి దయ. ఈ మాట ఆ రోజు నేను పట్టించుకోలేదు, నోటుపుస్తకంలో రాసుకుని ఊరుకున్నాను.

దక్షిణపు కొసన పులికాట్ అని పిలిచే పళవేర్కాడు ఊరు, తమిళనాడులో. డచ్చివాళ్లు 1613లో అక్కడ గెల్‌డ్రియా కోట కట్టుకున్నారు. కాలవ మాత్రం దాని తర్వాత రెండు వందల ఏళ్లకు పుట్టింది. బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తన డబ్బుతో ఒక ముక్క తవ్వించి, పడవల దగ్గర సుంకం వసూలు చేసుకున్నాడు. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుని పులికాట్ దాకా, ఆ పైన దుగరాజపట్నం దాకా, ఇంకా ఉత్తరానికి పొడిగించుకుంటూ పోయింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే టోల్‌గేటు ముందు, రోడ్డు తర్వాత.

ఇరకంలో మేం చేసిందేమీ లేదు. ఒక చెట్టు కింద కూచుని, ఒక ఇంట్లో అడిగి మంచినీళ్లు తాగాం. ఆ ఇల్లావిడకు పప్పూ ఉప్పూ కావాలన్నా పడవెక్కాల్సిందే. ఎక్కువగా తమిళనాడులోని ఆరంబాకం వైపే పోతామంది. రాష్ట్రం ఇది, సంత అది.

తిరుగు ప్రయాణంలో పడవ బురదలో దిగబడింది. మోటారు వేస్తే నల్లనీళ్లు చిమ్మాయి గానీ పడవ కదల్లేదు. ముగ్గురం దిగాం. మోకాలి లోతు బురద, పాదం కింద గుల్లలు కోసుకుపోతున్నాయి. పడవాయన ముందుకెళ్లి తాడు భుజాన వేసుకున్నాడు, నేను వెనక నుంచి నెట్టాను. మామ కూడా తాడు పట్టుకున్నాడు, వద్దంటే వినడు కదా. ఛాతీకి అడ్డంగా తాడు వేసుకుని, నడుం వంచి, ఎడమకాలు ముందుకు పెట్టి ఒక్క గుంజు గుంజాడు. ఎవరు నేర్పారో తెలియదు. పడవ కదిలాక బురద చేతులతోనే మొహం తుడుచుకుంటూ, "మా నాయన ఇట్లనే నిలబడేటోడు" అన్నాడు.

ఆ రాత్రి లాడ్జిలో ఆయన కాళ్లకు కొబ్బరినూనె రాస్తే ఊరికే ఉండనిచ్చాడు. మామూలుగా అయితే కాలు తాకనివ్వడు.

మూడో రోజు: దుగరాజపట్నం

ఉత్తరానికి తిరిగాం. దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో గూడబాతులను చూశాం. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు, గూళ్లలో పిల్లలు, పిల్లల గొంతుల్లోకి తల్లుల ముక్కులు. వాసన ఘాటే. అరగంట చాలు.

నాయుడుపేట నుంచి వాకాడు, అక్కడి నుంచి ఆటోలో దుగరాజపట్నం. ఈ ఊరి పేరు చరిత్ర పుస్తకాల్లో ఆర్మగాన్ అని ఉంటుంది. 1620ల్లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఇక్కడ గిడ్డంగి పెట్టి, చుట్టూ ఫిరంగులు నిలబెట్టుకున్నారు. ఆ గిడ్డంగి పెద్ద ఫ్రాన్సిస్ డే ఇక్కడ వ్యాపారం గిట్టక దక్షిణానికి పోయి వెతికాడు. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర ఒక ఇసుక దిబ్బకు పట్టా రాయించుకున్నాడు. అదే మద్రాసు. ఆ నాయకుడి తండ్రి చెన్నప్ప పేరే ఇప్పటి చెన్నై. తరవాత చాలా ఏళ్ల పాటు ఆ దిబ్బ పొయ్యిలోకి కట్టెలు పంపింది మళ్లీ ఈ తీరమే.

ఆర్మగాన్ కోట ఏదని అడిగితే ఎవరూ చూపించలేదు. పోర్టు వస్తుందట కదా అని అడిగితే మాత్రం నలుగురు ఒకేసారి మాట్లాడారు. వస్తుందన్నారు, భూముల ధరలు పెరిగాయి, రాలేదు, ధరలు దిగలేదు. అంతే.

ఊరు దాటి సముద్రం వైపు నడిస్తే కాలవ.

మూడు రోజులుగా దీని కోసమే తిరుగుతున్నా, ఎదురుగా వచ్చేసరికి మొదట గుర్తుపట్టలేదు. వెడల్పాటి, కదలని, ఆకుపచ్చ నీళ్లు. గట్ల మీద సర్కారు తుమ్మ, నీళ్ల అంచున ఉప్పుమొక్కలు. అవతల రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే గాలి చక్రాల చప్పుడు. ఒక చోట గుంటల నీళ్లు పైపు ద్వారా కాలవలోకే పడుతున్నాయి. పడవ అన్నది ఒక్కటే కనిపించింది, బోర్లా తిరిగి, దాని మీద ఎవరో వల ఆరేసుకున్నారు.

2008లో ఈ దారినే జాతీయ జలమార్గం 4లో కలిపారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలవలు, గోదావరి, కృష్ణా అన్నీ అందులోవే. ఆ పేరు కాగితంలో ఎంత గంభీరంగా ఉందో చూసినవాణ్ని కాబట్టి, వల ఆరేసిన పడవ పక్కన కాసేపు ఊరికే నిలబడ్డాను.

మామ కర్ర ముంచాడు. గట్టు పక్కన అడుగున్నర. పంచె ఎగ్గట్టి ఇంకాస్త లోపలికి పోయాడు, రెండడుగుల మీద మూడు అంగుళాలు. "బురద లెక్కెయ్యమంటావా?" అని నన్నే అడిగాడు. నిన్నటి దెబ్బ గుర్తుంది.

గట్టు మీది టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన కర్రను చూసి పలకరించాడు. ఎనభై దాటినట్టున్నాడు. చెవులు బాగా వినిపిస్తాయి, కళ్లు అంతగా లేవు.

"ఏందబ్బా, మళ్లీ తవ్వతారా?"

"లేదన్నా, ఊరికే చూస్తాండాం. మా నాయన ఈ కాలవ మీద కట్టెలు మోసినోడు."

ఆ ఒక్క మాటతో బెంచీ మీద చోటు దొరికింది. పెద్దాయన తన పద్దెనిమిదో ఏట నుంచి పడవ మీద పని చేశాడు. సర్వి కట్టెలు, వడ్లు, ఉప్పు, సున్నపు గుల్ల పట్నానికి. వచ్చేటప్పుడు కిరసనాయిలు డబ్బాలు, చింతపండు. శ్రీహరికోట అడివిలో యానాదోళ్లు కట్టె కొట్టి గట్టుకు తెచ్చేవాళ్లట. పడవకు ఒక సరంగు, నలుగురు మనుషులు. వంట పడవలోనే, మట్టి పొయ్యి మీద. కాళ్లకు చెప్పులుండేవి కావు, గట్టు మీద ముళ్లు ఏరడం కుర్రాళ్ల పని.

"రైలు అప్పుడే ఉండె గదా తాతా?" అన్నాను. బెజవాడ నుంచి మద్రాసుకు రైలు 1899లోనే కలిసింది.

"రైలుకు తొందర సరుకు. కట్టెకేం తొందర? పడవ కూలి తక్కవ. లారీలొచ్చినాక పోయింది, గాలివానకు గట్లు పోయినాయి. బాగుజేసినోడు లేడు." 1965, 66, 76 తుపాన్లు కాలవను దెబ్బతీశాయని నేను చదివాను, ఆయనకు ఏడాదుల లెక్క లేదు, అన్నీ కలిపి ఒకే గాలివాన. సునామీ మాత్రం తేదీతో గుర్తు. "డిసెంబరు 26. అల వొచ్చి కాలవలో పడింది. కాలవ లేకుంటే ఇట్టా టీ తాగతా ఉండేవోళ్లం కాదు."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. నేనే ఊరుకోక, మామ ఏడేళ్లప్పుడు పడవలో పట్నం పోయిన కథ చెప్పించాను. మామ ఉత్సాహంగా మొదలుపెట్టాడు. పొద్దుగూకే ముందర ఎక్కడం, తడికట్టెల వాసన, రాత్రి లైటు, తెల్లారి ఇడ్లీ. పెద్దాయన అంతా విన్నాడు.

"ఒక్క రాత్రిలోనా?" అన్నాడు.

"ఒక్క రాత్రే."

"యాడ ఎక్కినారు?"

"వాకాడు దాటినాక."

పెద్దాయన నవ్వలేదు. "ఈడి నించి పట్నానికి గాలి కలిసొస్తే మూణ్ణాళ్లు. లేకుంటే అయిదారు నాళ్లు" అని మాత్రం అన్నాడు. తర్వాత టీకొట్టు వెనక ఖాళీ జాగా చూపించి, "ఇడ్లీ హోటలు ఈడ ఉండె. పడవోళ్ల హోటలు. కొబ్బరి పచ్చడి బాగుండేది" అన్నాడు.

మామ టీ గ్లాసు కిందపెట్టి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అందులో టీ లేదు.

ఆ రాత్రి పెద్దాయన ఇంటి అరుగు మీద పడుకున్నాం. మామిడికాయ వేసిన చేపల పులుసు, వేడి అన్నం. మామ రెండోసారి వడ్డించుకోలేదు. చీకటి పడ్డాక సముద్రం వైపు ఆకాశంలో ఒక వెలుగు తోక తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. మొనపాలెం దగ్గరి ఆర్మగాన్ లైట్‌హౌసు.

నేను పడుకున్నట్టు కళ్లు మూసుకున్నాను. మామ అరుగు అంచున కూచుని చాలాసేపు దాన్నే చూశాడు. ఒకసారి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు.

నాలుగో రోజు: గట్టు మీద నడక, ఇంటికి

తెల్లవారుజామున లేచి గట్టు పట్టుకుని ఉత్తరానికి నడిచాం. మంచు పల్చగా ఉంది. సర్వి తోటల్లో గాలి పడితే సముద్రం హోరులాగే ఉంటుంది, ఏది ఏదో తెలియదు. మద్రాసు పొయ్యిల కోసం తీరం పొడుగునా వేసిన చెట్ల సంతానం ఇవి. ఇప్పుడు లారీల్లో పోతున్నాయి.

నడక సాగినంత దూరం సాగింది. ఒకచోట గట్టు కోసుకుపోయి ఉంటే చుట్టూ తిరిగి వచ్చాం, ఇంకోచోట రొయ్యల గుంట కట్ట కాలవ గట్టునే మింగేసింది. వాగు కలిసేచోట పాత రాతికట్టు ముక్కలు కనిపించాయి. లాకులవేనా అని మామను అడిగాను. ఏరు వరదొస్తే కాలవలోకి ఇసుక తోసుకురాకుండా, ఆటు తగ్గితే నీళ్లు జారిపోకుండా లాకులు కట్టేవాళ్లు. మామ రాళ్లను తట్టి చూసి, "తలుపు జారే గాడి లేదు. కాదు" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట మీద నాకు ఏ అనుమానమూ లేదు.

దారిలో ధాత కరువు గురించి నేనే మాట్లాడాను, మౌనం భరించలేక. 1876 నుంచి 78 దాకా. జనం పిట్టల్లా రాలిపోతుంటే మద్రాసులో కూవం నదిని అడయారుతో కలుపుతూ ఎనిమిది కిలోమీటర్ల కాలవను కరువు కూలీలతో తవ్వించారు. ఆ కరువులో ప్రభుత్వం ఒక దశలో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని కట్టింది. పౌనంటే అర కిలో కూడా లేదు. గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. 1878లో మొత్తం కాలవకు ఆయన పేరు పెట్టారు.

"తవ్వినోళ్ల పేర్లు యాడా లేవా?" అన్నాడు మామ.

"లేవు."

"మా పుస్తకంలో కూడా గేజి రాసేవోళ్లం, లస్కరు పేరు రాసే గడి ఉండదు." పొద్దున్నుంచి అదే మొదటి పొడుగు మాట.

సముద్రం వైపు పోయే రోడ్డు కాలవను దాటేచోట వంతెన మీద ఆగాం. అక్కడ నీళ్లు కాస్త నిండుగా ఉన్నాయి, పోటు సమయం. మామ వంతెన పక్క నుంచి దిగి కర్ర నిలువుగా వదిలాడు. నాలుగు పట్టీలు మునిగాయి. ఈ నాలుగు రోజుల్లో అదే ఎక్కువ లోతు. నేను రాసుకోబోతుంటే ఆపాడు.

"ఆగరా. బురద." కర్ర మీద రెండు చేతులూ వేసి గట్టిగా అదిమాడు. కర్ర జారింది, ఇంకా జారింది. అయిదో పట్టీ మునిగింది, ఆరోదీ మునగబోయింది. గట్టి నేల తగల్లేదు. "రాసుకో. నీళ్లు నాలుగు. బురద తెలీదు."

అక్కడి నుంచి వాకాడు, వాకాడు నుంచి నాయుడుపేట, నాయుడుపేటలో తిరుపతి బస్సు. కర్ర సంగతికి ఈ కండక్టరు ఒప్పుకోలేదు, సీట్ల కింద పొడుగ్గా పడేయించాడు. శ్రీకాళహస్తి దాకా మామ మాట్లాడలేదు. ఊరి దీపాలు కనిపించాక, కిటికీ వైపే చూస్తూ అన్నాడు.

"అల్లుడా, ఇడ్లీ మాత్రం నిజమేరా."

"అవును మామా."

"మీ అమ్మకు లైటు సంగతి చెప్పొద్దు."

తిరుపతిలో దిగేటప్పుడు కర్ర సీటు కింద ఇరుక్కుంది. ఇద్దరం చెరో కొస పట్టుకుని లాగాం. వెనకున్నవాళ్లు తొందరపెడుతున్నారు.

ఇంటికి పోగానే అమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి, అన్న ఎదురుగా కూచుంది. "చూసొచ్చినావా నీ పట్నం దారి?" అంది.

మామ మజ్జిగ అంతా తాగేదాకా గ్లాసు దించలేదు.